సిరా ఆరేదాకా: సంతకాల కోసం కొన్న ఎబొనైట్ పెన్ను

ఈ పెన్ను కొని పదకొండు నెలలైంది. దీనితో నేను రాసిన కథ ఒక్కటీ లేదు. కథలు ఇప్పటికీ నోటు పుస్తకాల్లో మామూలు బాల్ పెన్నుతోనే రాసుకుంటాను. దీని పని ఒక్కటే, నా కథల పుస్తకం కొన్నవారికి సంతకం చేసి ఇవ్వడం. ఇప్పటికి 143 పుస్తకాల మీద చేశాను. ఏ తేదీన, ఏ ఊరివారికి చేశానో చిన్న డైరీలో రాసుకుంటాను కనుక లెక్క తప్పదు. రోజంతా రాసుకోవడానికి పెన్ను వెతుకుతున్నవారికి నా మాటలు అంతగా పనికిరాకపోవచ్చు. అయిదు వందల ప్రతులు సొంత డబ్బుతో అచ్చు వేయించుకుని, పాఠకులను ఒక్కొక్కరిగా ఎదురుగా చూసే నాలాంటివారికి తప్పక పనికొస్తాయి. వారి కోసమే రాస్తున్నాను.

ముందు వస్తువు సంగతి. ఇది రాజమండ్రిలో చేతితో చేసిన ఎబొనైట్ పెన్ను. తయారుచేసినవారి పేరు రాయడం లేదు. నేను చెప్పే మంచిచెడ్డలు ఇంచుమించు ఈ తరహా పెన్నులన్నిటివీ. రాజమండ్రి పెన్నులంటే మా ఇంట్లో ముందునుంచీ గౌరవం. 1930ల్లో కె.వి.రత్నం గారు అక్కడ స్వదేశీ పెన్ను చేసి గాంధీ గారికి అందేలా చూడటం, 1935లో గాంధీ గారు దాన్ని మెచ్చుకుంటూ ఉత్తరం రాయడం మా నాన్నగారు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. నాకు ఈ పెన్ను 1,450 రూపాయలు పడింది. అంతకన్నా తక్కువకు దొరికేవీ ఉన్నాయి, చాలా ఎక్కువవీ ఉన్నాయి.

ఎబొనైట్ అంటే రబ్బరులో గంధకం బాగా కలిపి గట్టిపరిచిన పదార్థం. పెన్నును అరచేతుల మధ్య రుద్ది ముక్కు దగ్గర పెట్టుకుంటే గంధకం వాసన లీలగా తగులుతుంది. స్టీలు పెన్నులా చేతికి చల్లగా ఉండదు, జారదు. లోపల రీఫిల్లు లేదు, సిరా పీల్చుకునే గొట్టమూ లేదు. పెన్ను ఒళ్ళే సిరాబుడ్డి. మరలు విప్పి, డ్రాపర్‌తో సిరా పోసి, మరలకు రవ్వంత గ్రీజు రాసి బిగించాలి. మా బడిరోజుల్లో అందరం ఇలాగే పోసుకునేవాళ్ళం. బల్ల మీద సిరా ఒలికితే సుద్దముక్క అద్ది పీల్పించేవాళ్ళం. ఆ పని తెలిసిన చేతికి ఇదేమీ కొత్త కాదు. తెలియనివారు మొదటి వారం వేళ్ళకు నీలం అంటించుకోక తప్పదు.

పాళీ మీడియం తీసుకున్నాను. తెలుగు రాసేవారికి ఇది గమనించవలసిన విషయం. మన అక్షరాలు గుండ్రంగా తిరుగుతాయి. సన్నపాళీ పైకి తిరిగేటప్పుడు కాగితాన్ని గీరుతుంది. లావుపాళీ అయితే ‘ధ’ పొట్ట పూడుకుపోతుంది, ఒత్తులు ఒకదానికొకటి అంటుకుంటాయి. సంతకం ఎలా ఉన్నా ఫరవాలేదు. పుస్తకం తీసుకునేవారి పేరు రాయాలి కదా, అది స్పష్టంగా ఉండాలి. మాధవి అని రాస్తే మాధవి అనే కనబడాలి.

ఇక ఈ పెన్ను ఎందుకు కొనవలసి వచ్చిందో చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

కడప జిల్లాలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేశాను. తెలుగు చెప్పాను. చివరి ఎనిమిదేళ్ళు ప్రధానోపాధ్యాయురాలిని. గెజిటెడ్ హోదా అంటే ఆకుపచ్చ సిరా అన్నది అప్పటి అలవాటు. జిరాక్సు కాగితాల కట్టలు పట్టుకుని పిల్లలు, వాళ్ళ నాన్నలు వరండాలో నిలబడేవారు. అసలు పత్రం పక్కన నకలు పెట్టి, పేరూ పుట్టిన తేదీ సరిచూసి, సంతకం చేసి, కింద ముద్ర వేయాలి. ఆ సంతకానికి ఒక అర్థం ఉంది. ఈ నకలు అసలుకు సరిపోయింది, నేను నా కళ్ళతో చూశాను అని. స్వీయ ధ్రువీకరణ చాలన్న తర్వాత ఆ వరండా ఖాళీ అయింది కానీ, నా చేతికి మాత్రం ఆ సంతకం అలాగే ఉండిపోయింది. చిన్నది, కుడివైపు వాలి, కింద ఒక గీత, గీత కింద తేదీ.

రిటైరైన మూడో ఏడు నా కథలు పుస్తకంగా వచ్చాయి. ఎర్రముక్కపల్లిలో చిన్న సభ పెట్టుకున్నాం. అరవై మంది దాకా వచ్చారు. సభ అయ్యాక ఎవరో జెల్ పెన్ను చేతిలో పెట్టి, ‘సంతకం చేయండి మేడమ్’ అన్నారు. నా చెయ్యి తనంతట తాను ఆ వరండా సంతకమే చేసింది. గీతతో సహా, తేదీతో సహా. ఆ పుస్తకం పట్టుకున్న అబ్బాయి నా పాత విద్యార్థి. ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. పేజీ చూసి సంబరపడ్డాడు. ‘మేడమ్, నా టీసీ మీద ఉన్నదీ ఇదే సంతకం’ అన్నాడు. పక్కవాళ్ళను పిలిచి చూపించాడు.

అతని సంతోషం నాకు ఎంతో విలువైనది. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. టీసీ మీద సంతకం ఎందుకు చేశానో నాకు తెలుసు. కథల పుస్తకం మీద చేసిన సంతకం దేనికి సాక్ష్యం? అయిదు వందల ప్రతులూ ఒక్కలాగే ఉన్నాయి. దేన్ని దేనితో సరిచూశానని చేశాను? ఏమీ చూడకుండా చేశాను. ఒక్క పుస్తకం ఇచ్చాక ఇంకొకటి, అరవై ఒక్క పుస్తకాల మీద గబగబా చేశాను. ఎవరి ముఖమూ నిదానంగా చూడలేదు.

ఎర్రముక్కపల్లి అంటే బ్రౌన్ గ్రంథాలయం ఉన్న చోటు. 1820లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఇక్కడే బంగళా కొని, పండితులనూ లేఖకులనూ పెట్టుకుని తెలుగు కావ్యాలకు నకళ్ళు రాయించాడు, పరిష్కరింపజేశాడు. వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించింది ఆయనే. ఆ గ్రంథాలయానికి వెళ్ళినప్పుడల్లా నాకు ఆ లేఖకులే గుర్తొస్తారు. కాపీ ముగిశాక పాత లేఖకులు చివర ఒక శ్లోకం రాసేవారు. ‘యాదృశం పుస్తకం దృష్ట్వా తాదృశం లిఖితం మయా, అబద్ధం వా సుబద్ధం వా మమ దోషో న విద్యతే.’ చూసిన పుస్తకం ఎలా ఉందో అలాగే రాశాను, తప్పైనా ఒప్పైనా దోషం నాది కాదు అని.

లేఖకుడికి ఆ మాట అనే హక్కు ఉంది. నాకు లేదు. నా పుస్తకంలో 73వ పేజీలో ‘మునిమాపు’ (సాయంసంధ్య) అన్న మాట ‘మునిమావు’ అని పడింది. మూడుసార్లు ప్రూఫు దిద్దినా నా కంటికి ఆనలేదు. దోషం నాదే. అప్పుడే నిశ్చయించుకున్నాను. ఇకమీదట సంతకం చేసే ప్రతి పుస్తకంలోనూ ముందు 73వ పేజీ తీసి, ‘వు’ కొట్టేసి పక్కన ‘పు’ రాసి, ఆ తర్వాతే మొదటి పేజీకి రావాలని. అంటే ఆ ప్రతిని నేను ఒకసారి నిజంగా తెరిచినట్టు. కనీసం ఒక్క అక్షరం సరిచూసినట్టు.

ఆ పనికి జెల్ పెన్ను కుదరలేదు. సిరా పైపైన నిలిచి, పేజీ తిప్పగానే ఎదుటి పేజీకి అంటింది. బాల్ పెన్ను అంటదు కానీ నొక్కి రాయాలి. వెనక పేజీలో నాగటి చాలులాగా గాడి పడుతుంది, అంకితం పేజీ దాకా ఆ అచ్చు కనిపిస్తుంది. గుర్తులు పెట్టే మార్కరైతే మొదటి అక్షరానికే అవతలికి దిగింది. అప్పుడు పాళీ పెన్ను గుర్తొచ్చింది. సన్నని అచ్చు వరసల మధ్య ‘పు’ ఇరికించడానికి మీడియం పాళీ కాస్త లావే. పాళీని తిరగేసి వీపుతో రాస్తే సన్నగా పడుతుంది. ఇది నాకు చిన్నప్పుడు లెక్కల మాస్టారు చూపించిన చిట్కా.

ఈ పెన్ను పెద్ద గుణం ఏమిటో ఇప్పుడు చెబుతాను. మామూలుగా పెన్నుల గురించి రాసేవారు దీన్ని లోపం కింద రాస్తారు. దీని గీత తడిగా ఉంటుంది, ఆరడానికి సమయం పడుతుంది.

నా పుస్తకం 70 జీఎస్‌ఎమ్ బరువున్న, లేత పసుపు ఛాయ (నేచురల్ షేడ్) కాగితం మీద అచ్చయింది. దాని మీద రాయల్ బ్లూ సిరాతో మూడు వరసలు రాస్తే, మామూలు రోజుల్లో ముప్పై అయిదు, నలభై సెకన్లు ఆగాలి. మే నెలలో కడప ఎండకు ఇరవై సెకన్లలో ఆరిపోతుంది. తుపాను పట్టిన నవంబరు రోజుల్లో నిమిషం దాటినా వేలికి అంటుతుంది. అంతసేపూ పుస్తకం మూయకూడదు. పుస్తకం బల్ల మీద తెరిచి ఉంటుంది. ఇటు నేను, అటు పాఠకులు. ఇద్దరమూ ఆ పేజీ వైపే చూస్తుంటాం. ఏదో ఒకటి మాట్లాడక తప్పదు.

ఆ నలభై సెకన్లలో నేను విన్న మాటలు సభల్లో ఎవరూ చెప్పలేదు. సభలో అందరూ ‘బాగా రాశారు’ అంటారు. ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ళ పాలిష్ యంత్రం మీద పనిచేసే ఒకాయన ఆరుతున్న సిరా వైపు చూస్తూ, ‘మీ బావి కథలో కూలి తక్కువ రాశారమ్మా. ఆ లోతు దిగినవాళ్ళకు అప్పట్లోనే అంతకు రెట్టింపు ఇచ్చేవారు. మా నాన్న దిగాడు’ అన్నారు. పత్రికలో వచ్చినప్పుడే చదివారట. డైరీలో ఆ మాట రాసుకున్నాను. మలి ముద్రణ అంటూ వస్తే మారుస్తాను. ఒక అమ్మాయి పుస్తకం తనకు కాదని, విడిపోయిన స్నేహితురాలికి పంపుతానని చెప్పింది. ఏ కథ చదివి ఆ ఆలోచన వచ్చిందో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇంకొకరు ఏమీ మాట్లాడలేదు. ఆరిందో లేదో చూడటానికి మాటిమాటికీ వంగి ఊదారు. ఆ ఊదడమే నాకు గుర్తుంది.

పేరున్న రచయితల ముందు వరస ఉంటుంది. వెనకవాళ్ళు తొందరపడుతుంటారు. వాళ్ళు మనిషికి నిమిషం ఇవ్వలేరు, అది వారి తప్పు కాదు. నా ముందు ఎక్కువలో ఎక్కువ ఇద్దరు ఉంటారు. చాలాసార్లు ఒక్కరే. మొదట్లో ఆ ఖాళీ కుర్చీలు చూసి మనసు చివుక్కుమనేది. మైదుకూరులో ఒక కార్యక్రమంలో రెండు గంటలు కూర్చుంటే నలుగురు కొన్నారు. ఇప్పుడు ఆ నలుగురి ఊళ్ళూ నాకు గుర్తున్నాయి, ఎవరు ఏమన్నారో గుర్తుంది. అరవై ఒక్క మందికి గబగబా చేసిన రోజున నా పాత విద్యార్థి ముఖం తప్ప ఇంకొకటి గుర్తు లేదు. నలుగురి రోజే నాకు ఎక్కువ.

ఏమి రాయాలన్నదానితో చాలాకాలం ఇబ్బంది పడ్డాను. ‘శుభాకాంక్షలతో’ అంటే పెళ్ళి కానుక మీది మాటలా ఉంది. ‘అభిమానంతో’ అందామంటే, నన్ను ఎరగనివారి మీద నాకు అప్పుడే అభిమానం ఎలా పుడుతుంది? ‘ఆశీస్సులతో’ నా పాత పిల్లలకు సరే, నాకన్నా పెద్దవారికి రాయలేను. చివరికి ఊరి పేరు రాయడం మొదలుపెట్టాను. ‘ఖాజీపేట నుంచి వచ్చిన ఫలానా గారికి’ అని. కింద సంతకం, నెల, సంవత్సరం. సంతకం కింద గీత తీసేశాను. ముప్పై ఏళ్ళ గీత మానడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఒకామె మాత్రం పేరు రాయవద్దన్నారు. ‘చదివి మా చెల్లెలికి ఇస్తాను, తను ఇంకొకరికి ఇస్తుంది. నా పేరుంటే అక్కడే ఆగిపోతుంది’ అన్నారు. మొదట నొచ్చుకున్నాను. తర్వాత ఆమె మాటే సబబుగా తోచి, ఆ పుస్తకంలో సంతకం పేజీ అడుగున చిన్నగా చేశాను, పైన చాలా పేర్లకు చోటు ఉండేలా.

ఉచితంగా ఇచ్చే పుస్తకాల గురించి ఒక్క మాట. బంధువులకు, పరిచయస్థులకు ఎనభై దాకా ఇచ్చాను. అన్నిటి మీదా సంతకం చేశాను. అందులో ఎన్ని తెరిచారో తెలియదు. నూట యాభై రూపాయలు పెట్టి కొన్నవారి పుస్తకం మీద పెన్ను ఆనించేటప్పుడు నా చెయ్యి కొంచెం బరువెక్కుతుంది. కూలి చేసుకునే మనిషి నూట యాభై తీసి ఇస్తే అది ఒక పూట కష్టంలో భాగం. ఇక ఉచితంగా ఇవ్వడం మానుకున్నాను, గ్రంథాలయాలకూ బడులకూ తప్ప.

ఇక లోపాలు. ఉన్నవి ఉన్నట్టు చెప్పాలి.

అన్నిటికన్నా పెద్దది ఎండ. పెన్ను నిండా సిరా ఉన్నంతవరకు ఏ భయమూ లేదు. సగానికి దిగాక పైభాగంలో గాలి చేరుతుంది. చేతి వేడికి, ఎండ వేడికి ఆ గాలి వ్యాకోచించి సిరాను ముందుకు నెడుతుంది. మే నెలలో బస్సు దిగి, సంచిలో పడుకోబెట్టిన పెన్ను తీసి, తుడవకుండా రాయబోయాను. మందుల షాపులో పనిచేసే కుర్రవాడి పుస్తకం అది. అతని పేరులో మొదటి అక్షరం పక్కన శనగగింజంత చుక్క టప్పున పడి, చూస్తుండగానే రూపాయి బిళ్ళంత అయింది, అవతలి పేజీకి దిగింది. నా గుండె జారిపోయింది. వేరే ప్రతి తీసి, పెన్ను తుడిచి, మళ్ళీ రాసి ఇచ్చాను. అతను తీసుకున్నాడు. మరకపడిన ప్రతి నా దగ్గరే ఉంది. అచ్చుతప్పులు గుర్తుపెట్టుకోవడానికి వాడుతున్నాను. 73వ పేజీ కాక ఇంకా అయిదు దొరికాయి.

ఆనాటి నుంచి మూడు నియమాలు పాటిస్తున్నాను. బయలుదేరే ముందు నిండుగా పోస్తాను. సంచిలో పాళీ పైకి ఉండేలా నిలబెడతాను. పుస్తకం మీద పెట్టే ముందు చిత్తుకాగితం మీద రెండు గీతలు గీస్తాను. మళ్ళీ ఎప్పుడూ చుక్క పడలేదు.

రెండోది కాగితం. నున్నటి ఆర్ట్ పేపరు మీద ఈ సిరా ఆరనే ఆరదు, తుడుచుకుపోతుంది. మీ పుస్తకం లోపలి అట్ట మీద సంతకం చేసే అలవాటుంటే ఈ పెన్ను కొనవద్దు. నాసిరకం కాగితమైతే గీత చుట్టూ వెంట్రుకల్లా పాకుతుంది. ఈసారి పుస్తకం వేసేటప్పుడు సంతకం చేసే పేజీ వెనక వైపు ఖాళీగా వదిలేయమని అచ్చు వేసేవారికి ముందే చెప్పండి. నేను చెప్పలేదు. ఇప్పుడు నా సంతకం ఛాయ వెనక పేజీలో చిరునామా మీద కనబడుతుంది.

రాయల్ బ్లూ నీళ్ళు తగిలితే పోతుంది, ఎండకు వెలుస్తుంది. చెరగని నలుపు సిరాలు కొన్ని ఎక్కువకాలం ఉంచితే పాళీ కింద సిరా అందించే నాలుకలో గడ్డకడతాయి. నెలకు పది పదిహేను సంతకాలు చేసే నాకు అది సరిపడదు. తాటాకుల కాలంలో ఈ బాధ లేదు. గంటంతో గీసి, పైన మసి రుద్ది తుడిస్తే అక్షరం ఆకులోనే ఉండిపోయేది. పెన్ను ఒంటిమీది నలుపు కూడా ఎండలో పెడితే గోధుమరంగుకు తిరుగుతుందంటారు. కిటికీ దగ్గర ఉంచడం లేదు.

అద్దుడు కాగితం కొన్నాను, డజను ముక్కలు కత్తిరించి డైరీలో పెట్టుకున్నాను. ఇద్దరు ముగ్గురు ఉన్నప్పుడు వాడేదాన్ని. అద్దితే సిరా తక్షణం ఆరుతుంది కానీ అక్షరం రంగు సగం పోతుంది.

చివరగా పాళీ గురించి. నా పెన్ను పాళీ ఇప్పుడు కొన్నప్పటిలా లేదు, అందువల్ల దాని నాణ్యత మీద నా తీర్పు నమ్మదగ్గది కాదు. ఎందుకో చెబుతాను.

మొన్న సంక్రాంతి తర్వాత ఒక ఆటో డ్రైవరు తన తల్లిని కడపలో ఆసుపత్రికి తీసుకొచ్చి, తిరిగి వెళ్ళే దారిలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. పదో తరగతి చదివే ఆయన కూతురు రాత్రిళ్ళు నానమ్మకు పత్రికలో నా కథలు చదివి వినిపిస్తుందట. పుస్తకం కావాలన్నారు. ‘పేరు మా అమ్మదే రాయండి మేడమ్’ అన్నారు. పేరు చెప్పారు. అహోబిలం నరసింహస్వామి పేరు మీద మా సీమలో వీధికి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళకు ఉండే పేరు. తెలుగు చెప్పినదాన్ని కదా, పాత గ్రంథాల్లో ఉన్నట్టు ‘ళ’తో రాశాను. ఊరి పేరు, సంతకం, నెల. పుస్తకం ఆవిడ వైపు తిప్పాను.

ఆవిడకు చదువు రాదనుకున్నాను. ఆవిడ వంగి, వేలు పేజీకి ఆనకుండా పైన పైన కదిలిస్తూ చూశారు. ‘ఇది నా పేరు కాదు తల్లీ’ అన్నారు. కొడుకు కంగారుపడి, నీదేనమ్మా అన్నారు. ‘కాదు. నా పేరు నేను రాస్తాను కదా, నాకు తెలుసు. ఇక్కడ వేరే అక్షరం ఉంది’ అన్నారు. తొంభైల్లో ఊళ్ళో రాత్రి బడి నడిచినప్పుడు పేరు రాయడం నేర్చుకున్నారట. ఆ తర్వాత బడి ఆగిపోయింది. ఆ నాలుగు అక్షరాలు తప్ప ఇంకేమీ రావు. డ్వాక్రా సంఘం పుస్తకంలో వేలిముద్ర వేయకుండా ఇన్నేళ్ళుగా అవే రాస్తున్నారు. వాటిలో ‘ళ’ లేదు, ‘ల’ ఉంది.

‘మీరే రాయండమ్మా’ అని పెన్ను ఇచ్చాను.

బలపం పట్టినట్టు నిటారుగా పట్టుకున్నారు. మొదట పాళీ పక్కకు తిరిగి గీత పడలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని తిప్పి చూపించాను. వేళ్ళు గరుకుగా ఉన్నాయి, గోళ్ళ అంచున ఇంకా పసుపు ఉంది. పలక మీద రాసినట్టే బలంగా నొక్కి రాశారు. పాళీ రెండుగా విచ్చుకుని కాగితం మీద కర్రుమంది. రెండు పట్టాల్లా జంటగీత పడి, మధ్యలో సిరా చెరువులా నిండింది. నేను ఆపలేదు. నాలుగు అక్షరాలూ రాయడానికి ఆవిడకు చాలాసేపు పట్టింది. తలకట్టు కూడా మరిచిపోకుండా పెట్టారు.

రికార్డుల్లో కొట్టివేత ఉంటే పక్కన పొట్టి సంతకం పెట్టాలన్నది ఉద్యోగంలో నేర్చుకున్న నియమం. నేను రాసిన పేరును ఒక్క గీతతో కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టాను. ఆవిడ రాసిన పేరు సిరా ఆరడానికి మూడు నిమిషాల పైనే పట్టింది. అద్దుడు కాగితం తీయబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టారు. అంతసేపూ ఆవిడ నా కథల గురించి ఏమీ అనలేదు. మనవరాలి గొంతు గురించి చెప్పారు. చదివేటప్పుడు ఏడుపు వచ్చేచోట ఆ పిల్ల ఆపి నీళ్ళు తాగి వస్తుందట.

పాళీ రెండు పాయల మధ్య వెంట్రుకవాసి సందు ఏర్పడింది. ఒక పెన్నుల రిపేరు ఆయనకు చూపిస్తే, అయిదు నిమిషాల పని, నొక్కి కలిపేస్తానన్నారు. ఇవ్వకుండా తెచ్చేసుకున్నాను. గీత ముందుకన్నా లావుగా పడుతోంది. ‘ధ’ రాసేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. మామూలు రోజుల్లో కూడా సిరా ఆరడానికి ఇప్పుడు నిమిషం దాటుతోంది. డైరీలోంచి అద్దుడు కాగితాలు తీసేశాను.